97 చుట్టితే 58 నిలిచాయి: జోంగ్జి ప్రాజెక్టు డైరీ

చైనాలో దువాన్‌వూ పండగ చాంద్రమానం ప్రకారం ఐదో నెల ఐదో రోజున వస్తుంది. 2025లో అది మే 31, శనివారం. మనవాళ్లలో చాలామందికి అది డ్రాగన్ పడవల పందేల పండగగా తెలుసు. ఇళ్లలో మాత్రం పండగంటే జోంగ్జి. జిగురు బియ్యాన్ని ఆకులో కోణాకారంగా చుట్టి, దారంతో కట్టి, గంటల తరబడి నీళ్లలో ఉడికించే పొట్లం అది.

నేను సుజౌలో ఉంటాను. కింది ఫ్లోర్‌లో ఉండే ఆయీ (తల్లి వయసు ఆవిడని ఇక్కడ ఇలా పిలుస్తారు) ఏటా మాకు ఒక గిన్నెడు జోంగ్జి పంపేవారు. నేను మాంసం తిననని నావి విడిగా కట్టేవారు. ఈసారి ఆవిడ మోకాలి ఆపరేషన్ అయి ఇంట్లోనే ఉన్నారు. అందుకని పండగ నాటికి 40 నేనే చేసి పంచాలనుకున్నాను. కొలతలన్నీ శాకాహారం జోంగ్జికే. చేయాలనుకున్నవాళ్లు దశ 2లోని చుట్టే పద్ధతి చూసుకుని దశ 3 నుంచి చదివినా పని జరుగుతుంది, కానీ ఎక్కడెక్కడ పోతుందో తెలియాలంటే మొదటి రెండూ చదవండి.

"నిలిచింది" అని లెక్క వేయడానికి మూడు షరతులు పెట్టుకున్నాను. ఆకు విప్పితే ఆకారం ఉండాలి. మధ్యలో తెల్లటి పచ్చి గింజ ఉండకూడదు. ఆకుకి అంటుకుపోకుండా ఊడి రావాలి.

సామాన్లు: 1 గ్రాము వరకు చూపే డిజిటల్ కాటా, 6 లీటర్ల గిన్నె, ఇండక్షన్ స్టవ్, చిల్లుల గిన్నె, నూలు దారం, కత్తెర, ఇంటి నుంచి తెచ్చుకున్న విజిల్ కుక్కర్. బియ్యం పొట్టి గింజ జిగురు బియ్యం. సోనా మసూరీతో ఇది కాదు. మామూలు బియ్యంలో అమైలోజ్ అనే రకం పిండి ఉంటుంది కాబట్టి ఉడికాక గింజలు విడివిడిగా ఉంటాయి. జిగురు బియ్యంలో పిండి దాదాపు అంతా అమైలోపెక్టిన్ అనే ఇంకో రకం. గింజలన్నీ కలిసి ముద్ద కట్టేది దానివల్లే.

దశ 1: ఆకు (మే 3)

ఎండు ఆకులు 50 ఉన్న ప్యాకెట్ కొన్నాను. ఇవి రువో అనే, వెడల్పాటి ఆకులుండే పొట్టి వెదురు జాతివి. ఒక్కోటి సుమారు 8 సెంటీమీటర్ల వెడల్పు, 38 సెంటీమీటర్ల పొడవు. వేడినీళ్లలో 20 నిమిషాలు ఉంచి తీశాను. మెత్తబడినట్టే అనిపించింది కానీ మడత పెట్టగానే ఈనె వెంబడి నిలువునా చీలాయి. 50లో 17 అలాగే పోయాయి.

రెండో తప్పు నా చేతి అలవాటు వల్ల జరిగింది. మాది కోనసీమ. పనసాకుల్ని ఈనెపుల్లలతో గుచ్చి పొట్టిక్కల బుట్టలు కుట్టడం చిన్నప్పుడే అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నాను. ఆ ధీమాతో ఆ రోజు చుట్టిన 13లో 5 పొట్లాలకు దారం బదులు టూత్‌పిక్ గుచ్చాను. అయిదింటికీ గుచ్చిన చోటే చిరుగు పెరిగి బియ్యం గిన్నెలోకి వచ్చేసింది. పొట్టిక్క పైభాగం తెరిచి ఉంటుంది, పిండి ఆవిరిలో పైకి పొంగుతుంది. జోంగ్జి అన్ని వైపులా మూసి నీళ్లలో మునిగి ఉంటుంది. లోపలి బియ్యం ఉబ్బే కొద్దీ ఆకును బయటికి తోస్తుంది. ఆ ఒత్తిడికి పుల్ల ఆగదు, చుట్టూ తిరిగే దారమే కావాలి.

మూడో తప్పు ఒత్తి నింపడం. కిలో బియ్యం రాత్రంతా నానబెట్టి వడగడితే 1,380 గ్రాములయింది. పొట్లానికి 100 గ్రాముల చొప్పున గట్టిగా కూరి 13 చుట్టాను. 70 నిమిషాలు ఉడికించాను. పైన మెరుస్తూ బాగానే ఉన్నాయి. కోసి చూస్తే మిగిలిన ఎనిమిదింట్లోనూ మధ్యలో గోళీ అంత పచ్చి బియ్యం. బయటి పొర ముందు ఉబ్బి జిగురుగా మూసుకుపోయింది, లోపలికి నీళ్లు వెళ్లే దారి లేదు.

మార్చినవి: ఆకులు 10 నిమిషాలు మరిగించి, ఆ తర్వాత రాత్రంతా చల్లటి నీళ్లలో ఉంచడం. పుల్లలు మానేయడం. బియ్యం తగ్గించడం.

మొత్తం ఇప్పటికి: చుట్టినవి 13, నిలిచినవి 0. బియ్యం 1 కిలో వాడాను (కొన్నది 5 కిలోల సంచి). ఖర్చు 58 యువాన్లు.

దశ 2: నీళ్లు (మే 10)

అరకిలో బియ్యం, పొట్లానికి 65 గ్రాములు, మొత్తం 10. ఉడికించింది 2 గంటలు. ఆకులు ఈసారి మాట విన్నాయి, ప్యాకెట్ మొత్తంలో 3 మాత్రమే చీలాయి.

ఇక్కడ పాడు చేసింది గిన్నెలో జరిగిన పని. నీళ్లు తగ్గినప్పుడల్లా కుళాయి నీళ్లు పోశాను. పోసిన ప్రతిసారీ మరుగు ఆగి, మళ్లీ పుంజుకోవడానికి 9 నిమిషాలు పట్టింది. రెండుసార్లు పోశాను కాబట్టి 18 నిమిషాలు పోయినట్టే. పై వరసలో ఉన్న 3 తేలిపోయి, నీళ్ల బయట ఉన్న వైపు గట్టిగా ఉండిపోయాయి. 5 మాత్రం జావలా అయ్యాయి, మూల దగ్గర అసలు ఆకారమే లేదు.

జావ అయినదొకటి తీసుకుని కిందికి వెళ్లాను. ఆయీ రుచి చూడలేదు. దారం విప్పి, ఆకుని కోణంగా మళ్లీ తిప్పి, కొసని బొటనవేలితో తడిమారు.

"ఇదిగో, మూలలో కన్నం ఉంది. బియ్యం పోసే ముందు నీళ్లు పోసి చూడు," అన్నారు.

"ప్రతిదానికీనా ఆయీ?"

"చెయ్యి కుదిరేదాకా ప్రతిదానికీ."

కొసలో అగ్గిపుల్ల దూరేంత సందు ఉంది. అక్కడి నుంచి నీళ్లు ధారగా లోపలికి వెళ్లి, గంజి బయటికి వచ్చింది. ఆ రోజు ఆవిడ కుర్చీలో కూర్చుని చూపించిన పద్ధతి ఇది. నాలుగు మూలలుండే రకం.

1. రెండు ఆకుల తొడిమ కొసలు కత్తిరించి, నున్నటి వైపు పైకి పెట్టి, సగం సగం ఒకదానిపై ఒకటి పరవాలి. బియ్యానికి తగిలేది నున్నటి వైపే.
2. మూడో వంతు దగ్గర తిప్పి కోణం చేయాలి. ఒక చెంచా నీళ్లు పోసి కొస కిందికి పట్టుకోవాలి. చుక్క కారితే మళ్లీ చుట్టాలి.
3. బియ్యం పోసి, చాప్‌స్టిక్‌తో రెండుసార్లు కదిపితే చాలు. కూరకూడదు.
4. మిగిలిన ఆకుని మూతలా ముందుకి మడిచి, రెండు పక్కలా వేళ్లతో నొక్కి, తోకని పక్కకి తిప్పాలి.
5. దారం ఒక కొసని పళ్లతో పట్టుకుని నాలుగు చుట్లు తిప్పి, లాగితే ఊడే ముడి వేయాలి.

అయిదో మెట్టులో పళ్లు తప్పవు, రెండు చేతులూ పొట్లం మీదే ఉండాలి. దారం మరో కొసని కుళాయికి కట్టి కూడా పని చేయొచ్చు. నేను అదే చేస్తున్నాను.

ఉడికించడంలో మార్చినవి: పక్కన కెటిల్‌లో ఎప్పుడూ మరిగే నీళ్లు, పొట్లాల మీద బోర్లించిన బరువైన పింగాణీ పళ్లెం, పళ్లెం పైన కనీసం మూడు వేళ్ల ఎత్తు నీళ్లు.

మొత్తం ఇప్పటికి: చుట్టినవి 23, నిలిచినవి 2. బియ్యం 1.5 కిలోలు. ఖర్చు 70 యువాన్లు.

దశ 3: బరువు పరీక్ష (మే 17)

ఎవరైనా ఈ డైరీలో ఒకటే చదవాలనుకుంటే ఇది చదవండి. 700 గ్రాముల బియ్యం నానబెట్టి మూడు బరువుల్లో నాలుగేసి చుట్టాను. లోపల ఏమీ పెట్టలేదు. ప్రతి బరువులోనూ రెండిటిని 2 గంటలకి, రెండిటిని 3 గంటలకి తీశాను.

70 గ్రాములు: 2 గంటలకే ఉడికింది. విప్పితే చతికిలపడింది, 3 గంటలవి ఇంకా మెత్తన. నాలుగూ తినొచ్చు గానీ నిలిచినట్టు లెక్క వేయలేదు.

80 గ్రాములు: 2 గంటలవి, 3 గంటలవి నాలుగూ నిలిచాయి. 3 గంటలవాటికి ఆకు వాసన లోపలిదాకా పట్టింది. ఉడికాక ఒక్కోటి 118 నుంచి 122 గ్రాములు తూగింది.

90 గ్రాములు: 2 గంటలకి నడుమ పచ్చి. 3 గంటలకి రెండూ నిలిచాయి, కానీ నములుతుంటే దవడ నొప్పి.

నా ఆకు సైజుకి 80 గ్రాములు, 3 గంటలు అని ఖాయం చేసుకున్నాను. మీ ఆకు చిన్నదైతే అంకె మారుతుంది. ఒక కోణంలో నిండుగా నానిన బియ్యం పోసి, తీసి తూచి, అందులో అయిదో వంతు తగ్గించండి. నా కోణంలో నిండుగా పట్టింది సరిగ్గా 100.

మొత్తం ఇప్పటికి: చుట్టినవి 35, నిలిచినవి 8. బియ్యం 2.2 కిలోలు. ఖర్చు 70 యువాన్లు.

దశ 4: కుక్కర్ (మే 21, 22)

మూడు గంటల కరెంటు ఆదా అవుతుందేమోనని చూశాను. ఆరు పొట్లాలు మునిగేలా నీళ్లు పోసి, విజిల్ వచ్చాక మంట తగ్గించి 40 నిమిషాలు ఉంచాను. పొద్దుపోయిందని విజిల్ ఎత్తి ఆవిరి వదిలేశాను. 4 పగిలాయి. బయటి ఒత్తిడి ఒక్కసారి పడిపోతే లోపలి నీళ్లు అక్కడికక్కడే ఆవిరై ఆకుని చీలుస్తాయి. మర్నాడు అవే కొలతలతో మళ్లీ ఆరు పెట్టి, కుక్కర్ తనంతట తాను చల్లారేదాకా ముట్టుకోలేదు. 35 నిమిషాలు పట్టింది. ఆరూ నిలిచాయి. మామూలు గిన్నెలో ఉడికినవాటితో పోలిస్తే ఆకు వాసన తక్కువ. రోజువారీకి కుక్కర్ బాగుంటుంది, పండగకి గిన్నే పెట్టుకున్నాను.

మొత్తం ఇప్పటికి: చుట్టినవి 47, నిలిచినవి 16. బియ్యం 2.9 కిలోలు. ఖర్చు 82 యువాన్లు.

దశ 5: పసుపు రంగు జోంగ్జి (మే 24, 25)

క్షారం కలిపి చేసే ఈ రకం బంగారు రంగులో, కాస్త పారదర్శకంగా ఉంటుంది. లోపల ఏమీ పెట్టరు, పంచదార అద్దుకుని తింటారు. ఇదేదో కొత్త రకం కాదు. సుజౌకి తాయ్‌హు సరస్సు అవతల ఉన్న యిషింగ్ ప్రాంతంవాడైన ఝౌ చూ, 3వ శతాబ్దంలోనే ఆకులో చుట్టిన ధాన్యాన్ని చిక్కటి బూడిద నీళ్లలో మెత్తగా ఉడికించడం గురించి రాశాడు. పొయ్యి బూడిదలో ఉండేది ప్రధానంగా పొటాషియం కార్బొనేట్. ఇప్పుడు దాని స్థానంలో సోడియం కార్బొనేట్ వచ్చింది.

ఇక్కడి కొట్లలో తినే క్షారం ప్యాకెట్లు దొరుకుతాయి. ఇంటి దగ్గర చేసుకునేవాళ్ల కోసం వంట సోడాతో చేసి చూశాను. 50 గ్రాముల సోడాని పళ్లెంలో పలచగా పరిచి ఒవెన్‌లో 150 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచితే 32 గ్రాములు మిగిలింది. లెక్క ప్రకారం 31.5 రావాలి. తగ్గిన బరువు నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ రూపంలో పోయింది. అంటే మార్పు దాదాపు పూర్తయినట్టే. దీన్ని చేత్తో ముట్టుకోకండి, కంటికి తగలనివ్వకండి. బట్టల సోడా కూడా ఇదే రసాయనం కదా అని అది వాడొద్దు, అది తినడానికి శుద్ధి చేసింది కాదు.

మొదటిసారి 250 గ్రాముల బియ్యానికి 5 గ్రాములు కలిపాను. 5 పొట్లాలూ సబ్బు నాకినట్టు చేదు, గింజ కరిగి బంక. పారేయాల్సి వచ్చింది. అన్నం పారేసినందుకు చాలా బాధేసింది. మర్నాడు అంతే బియ్యానికి 2 గ్రాములు. రంగు తేనెలా వచ్చింది, చేదు లేదు. ఆ రంగు బియ్యంలో, ఆకులో ఉండే ఫ్లేవనాయిడ్లది. క్షారం తగిలితే అవి పసుపుగా మారతాయి.

క్షారం పడిన బియ్యం మామూలు కన్నా ఎక్కువ ఉబ్బుతుంది. అందుకని పొట్లానికి 60 గ్రాములే. కట్టాక చెవి దగ్గర ఊపితే లోపల గింజలు కదులుతున్న చప్పుడు వినిపించాలని ఆయీ చెప్పారు. 60 గ్రాములకి వినిపించింది.

మొత్తం ఇప్పటికి: చుట్టినవి 57, నిలిచినవి 21. బియ్యం 3.4 కిలోలు. ఖర్చు 85 యువాన్లు.

దశ 6: 40 పొట్లాలు (మే 30)

పండగ వారంలో మార్కెట్ నిండా తాజా ఆకులు. 100 ఆకులు 20 యువాన్లు. వీటికి 5 నిమిషాల మరుగు చాలు. ఎండు ఆకులతో చేశాక తాజావి పట్టుకుంటే పని సగం అయినట్టుంది. 86 వాడితే 6 చీలాయి. కొనేటప్పుడు ఒకటి చూసుకోండి. అసలైన ఆకు మరగ్గానే పచ్చదనం పోయి ఆలివ్ రంగుకి మారుతుంది. మరిగినా చిలకపచ్చగానే ఉంటే రాగి లవణం పట్టించినదేమోనని అనుమానించి పక్కన పెట్టండి.

2 కిలోల బియ్యం నానితే 2,760 గ్రాములు. పొట్లానికి బియ్యం 68, లోపలిది 12 గ్రాములు.

ఎర్ర చిక్కుడు గింజలు, 14: చిన్న సైజువి, 8 గంటలు నానబెట్టి బియ్యంలో కలిపేశాను.

ఎండు రేగుపండ్లు, 14: గింజ తీసి రెండేసి. ఇక్కడి రేగు మన రేగుపండుకి దగ్గరి చుట్టమే. ఉడికాక అంచు చుట్టూ బెల్లం పాకంలా గోధుమ రంగు చార వస్తుంది, దాని రుచే వేరు.

పెసరపప్పు, 12: గ్వాంగ్‌డాంగ్ వైపు పొట్టు తీసిన పెసరపప్పు పెడతారని తెలిసి, నేను దానికి ఉప్పు, మిరియాలు, నెయ్యి కలిపాను. తింటే అచ్చం మన పులగం.

చుట్టడానికి 3 గంటల 10 నిమిషాలు పట్టింది, అంటే ఒక్కోదానికి దాదాపు 5 నిమిషాలు. ఆయీ నిమిషం లోపే చుట్టేస్తారు. ఆవిడ 12 లీటర్ల గిన్నె అడిగి తెచ్చి, 3 గంటలు ఉడికించి, స్టవ్ ఆపి మూత తీయకుండా ఇంకో 2 గంటలు ఉంచాను. 3 పగిలాయి. మూడూ పెసరపప్పువే. పప్పు నేను అనుకున్నదానికన్నా ఎక్కువ ఉబ్బింది. దానికి 12 బదులు 8 గ్రాములు వేసుకోండి.

మొత్తం: చుట్టినవి 97, నిలిచినవి 58. బియ్యం 5.4 కిలోలు. ఖర్చు 138 యువాన్లు.

పండగ రోజు (మే 31)

పొద్దున్నే గిన్నె తీసుకుని కిందికి వెళ్తే ఆయీ గుమ్మానికి రెండు రకాల ఆకుల కట్ట వేలాడుతోంది. ఒకటి మాచిపత్రి జాతి మొక్క, వాసన వినాయక చవితి పత్రినే గుర్తు చేసింది. రెండోది వస. మన దగ్గర పసిపిల్లలకి అరగదీసి నాకించే వస కొమ్ము మొక్కే, పొడవాటి కత్తిలాంటి ఆకులు. ఐదో నెలలో ఉక్క, తేమ, పురుగూ పుట్రా పెరుగుతాయి కాబట్టి వీటిని కడతారు. పూర్వం మణిశిల కలిపిన సారా కూడా తాగేవారు. అది ఆర్సెనిక్ ఖనిజం, ఎవరూ ప్రయత్నించకండి.

ఆయీ ఒకటి విప్పి, మూల చూసి, తర్వాత తిన్నారు. రేగుపండుది ఇంకొకటి తీసుకున్నారు. నా నెల రోజుల టెన్షన్ అక్కడ తీరింది.

తింటూ వూ జీషూ గురించి చెప్పారు. దేశమంతా ఈ పండగకి తలుచుకునేది క్రీ.పూ. 278లో హూనాన్‌లోని మీలువో నదిలో దూకిన కవి, మంత్రి ఛూ యువాన్‌ని. సుజౌవాళ్లు మాత్రం వూ జీషూని తలుచుకుంటారు. ఈ నగరాన్ని కట్టించిన మంత్రి ఆయన. రాజు ఫూచాయ్ ఈయన మాట వినక, చివరికి ఈయన్నే చావమని కత్తి పంపి, శవాన్ని తోలు సంచిలో నదిలో వేయించాడు. అది క్రీ.పూ. 484, ఛూ యువాన్ కన్నా 206 ఏళ్లు ముందు. పాత నగరంలో షూమెన్ ద్వారం ఆయన పేరు మీదే ఉంది. 2009లో యునెస్కో ఈ పండగని సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు, ఛూ యువాన్ ఊరు జిగుయి, మీలువో, హువాంగ్షి ఆచారాలతో పాటు సుజౌ ఆచారాలు కూడా అందులో ఉన్నాయి.

దారం గురించి ఒక పాత కథ కూడా ఉంది. ఛూ యువాన్ కోసం జనం వెదురు బొంగుల్లో బియ్యం నింపి నదిలో వేసేవారట. ఆయన ఆత్మ కనిపించి, అదంతా నీటి డ్రాగన్ తినేస్తోంది, పైన తురకవేప ఆకు పెట్టి రంగు దారంతో కట్టండి, ఆ రెండిటికీ అది భయపడుతుంది అని చెప్పాడట. 6వ శతాబ్దంలో రాసిపెట్టిన కథ ఇది. టూత్‌పిక్‌లతో 5 పొట్లాలు పోగొట్టుకున్నాక ఈ కథలోని దారం నాకు బాగా నచ్చింది.

మధ్యాహ్నం కాలువ గట్టుకి వెళ్తూ సంచిలో రెండు పెట్టుకున్నాను. ఒక్కో పడవలో జంటలుగా కూర్చున్న 20 మంది తెడ్లవాళ్లు, ముందు డప్పు కొట్టేవాళ్లు, వెనక చుక్కాని పట్టేవాళ్లు. అమ్మకి వీడియో కాల్‌లో చూపిస్తే, "సంక్రాంతికి మన ఆత్రేయపురం కాలువలో వేసినవి ఇవే కదా!" అంది. అవే.

దశ 7: నిల్వ (మే 31 నుంచి జూన్ 3)

సంచిలోవి: 30 డిగ్రీల ఎండలో 6 గంటల తర్వాత కూడా బాగున్నాయి. రాత్రికి ఆకు జిగటగా అనిపించింది. బయట ఒక పూటకి మించి ఉంచకండి.

ఫ్రిజ్‌లోవి: 4 పెట్టాను. రెండో రోజుకే రాయిలా గట్టిపడ్డాయి. చల్లబడితే పిండి మళ్లీ గట్టిగా పేర్చుకుపోతుంది, వేడి చేస్తే విడుతుంది. జూన్ 3న ఆకుతో సహా ఆవిరి మీద పెట్టి చూశాను. 10 నిమిషాలకి మధ్యలో ఇంకా గట్టి. 20 నిమిషాలకి కొత్తవాటిలా అయ్యాయి.

మైక్రోవేవ్‌లో పెట్టిన ఒకటి అంచులు ఎండిపోయి, ఆకు అంటుకుపోయింది.

వచ్చే ఏడాదికి: 2026లో పండగ జూన్ 19న. పెసరపప్పుకి 8 గ్రాములు. ఎర్ర చిక్కుడుకి ఎర్ర దారం, రేగుకి తెల్లది, పెసరపప్పుకి పచ్చది. ఈసారి అన్నీ తెల్ల దారంతోనే కట్టడం వల్ల ఏది ఏదో తెలియక, ఆయీ రేగుపండు జోంగ్జి కోసం మూడు విప్పాల్సి వచ్చింది.